నీళ్ళ వెంట నడిస్తే అల్ ఐన్ కనిపిస్తుంది
(అబూ ధాబిలో తెలుగువాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న పెద్దవాళ్ళలో చాలామంది విజిట్ వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చినవాళ్ళని చెప్పారు, వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ఆదివారం సెలవు దొరికితే బస్సెక్కి వచ్చారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడతాను. నాకిచ్చిన అంశం "ఎమిరేట్స్‌లో సంప్రదాయాన్ని చూడటం ఎలా" అని. ఏడు ఎమిరేట్ల సంగతి ఒక్క సాయంత్రంలో తేలదు. నేను ఈ అబూ ధాబి ఎమిరేట్‌లోనే ఉన్న ఒయాసిస్ ఊరు అల్ ఐన్‌లో కాపురం ఉంటున్నాను, కాబట్టి అల్ ఐన్ గురించే చెబుతాను.

మనవాళ్ళ నోట ఒక మాట చాలాసార్లు విన్నాను. బుర్జ్ ఖలీఫా చూశాం, మాల్ చూశాం, డెజర్ట్ సఫారీకి వెళ్ళి ఒంటె ఎక్కాం, ఇక ఈ దేశంలో చూడటానికి ఏముంది, యాభై అరవై ఏళ్ళ కిందట ఇదంతా ఇసుకే కదా అని. ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎందుకంటే ఈ హాలు నుంచి గంటన్నర ప్రయాణంలో, ఐదు వేల ఏళ్ళ కిందట మనుషులు కట్టుకున్న సమాధులున్నాయి, మూడు వేల ఏళ్ళ కిందట తవ్విన నీటి కాలువ ఉంది, ఆ పద్ధతిలోనే తవ్విన కాలువల కింద ఇప్పటికీ ఖర్జూరం పండుతోంది. 2011లో యునెస్కో అల్ ఐన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఈ దేశం నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి చోటు అదే. మరి మనం సఫారీ క్యాంపులో గిరగిరా తిరిగే తనూరా నాట్యం చూసి అదే ఎమిరాతీ సంస్కృతి అనుకుని ఇంటికెళ్ళిపోతున్నాం. తనూరా ఈజిప్టుది. బెల్లీ డాన్సూ వీళ్ళది కాదు. చూడొద్దని నేను అనను, సరదాగా ఉంటే చూడండి, కానీ దాన్ని వీళ్ళ ఖాతాలో వేయకండి.

వీళ్ళ నాట్యం చూడాలంటే అయ్యాలా చూడండి. మగవాళ్ళు రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి, చేతిలో సన్నటి వెదురు కర్రలు పట్టుకుని, డప్పుల దరువుకి తలలూ కర్రలూ ఒకే లయలో ఊపుతూ పద్యం పాడతారు, ఒక వరస పాడితే రెండో వరస అందుకుంటుంది. పెళ్ళిళ్ళలో, డిసెంబర్ 2 జాతీయ దినోత్సవంలో బాగా కనిపిస్తుంది. అది ఒమన్‌తో కలిసి 2014లో యునెస్కో జాబితాకెక్కింది. అయితే వీళ్ళ గురించి తెలుసుకోవాలంటే నాట్యంతో మొదలుపెట్టొద్దని నా అభిప్రాయం. నీళ్ళతో మొదలుపెట్టండి.

అల్ ఐన్‌లో దిగగానే నేరుగా ఊరి నడిబొడ్డున ఉన్న ఒయాసిస్‌లోకి వెళ్ళండి. టికెట్ లేదు. దాదాపు లక్షన్నర ఖర్జూరం చెట్లుంటాయి, వాటి నీడన మామిడి, అంజూర, నారింజ, అరటి. రెండువైపులా గోడలు, మధ్యలో సన్నటి దారి, బయట కారు బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత ఎండ ఉన్నా లోపల వేరే ఊళ్ళోకి వచ్చినట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే ఫోటోలు దిగి తిరిగొచ్చేస్తారు. నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే, తల దించి కాళ్ళ పక్కన చూడండి. గోడ వారగా ఒక చిన్న కాలువ పోతుంటుంది, మూర వెడల్పు కూడా ఉండదు చాలాచోట్ల. దాన్ని ఫలజ్ అంటారు. ఈ ఒయాసిస్‌కి నీళ్ళిచ్చేవి ముఖ్యంగా రెండు, అల్ ఐనీ ఫలజ్, దావూదీ ఫలజ్.

అది ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా ఊరంతా అర్థమవుతుంది. కొండ పాదం దగ్గర తల్లి బావి ఒకటి తవ్వుతారు. నీళ్ళు తగిలాక, ఆ నీళ్ళని ఊరిదాకా తీసుకురావడానికి నేల లోపలే సొరంగం తవ్వుతారు, దానికి వాలు చాలా కొద్దిగా ఇస్తారు, నీళ్ళు మరీ వేగంగా పారితే సొరంగం కోసుకుపోతుంది, మరీ నెమ్మదిగా పారితే మట్టి పేరుకుంటుంది. మధ్యమధ్యలో పైనుంచి నిలువు గుంటలు తీస్తారు, తవ్విన మట్టి పైకి తోడటానికి, లోపల పనిచేసే మనిషికి గాలి ఆడటానికి, తర్వాత ఎప్పుడైనా పూడిక తీయడానికి. అలా కిలోమీటర్ల దూరం వచ్చాక నేల పల్లమైన చోట నీళ్ళు వాటంతట అవే బయటపడతాయి. మోటారు లేదు, ఏతం లేదు, ఎద్దులు లేవు. వేసవిలో సొరంగంలో నీళ్ళు ఆవిరి కావు కూడా. అల్ ఐన్‌లో హిలీ 15 అనే చోట బయటపడిన ఫలజ్ సుమారు క్రీస్తుపూర్వం 1000 నాటిది, ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన ఇలాంటి కాలువల్లో అతి పాతవాటిలో ఒకటి.

నీళ్ళు బయటికొచ్చిన మొదటి చోట తాగడానికి పట్టుకుంటారు. ఆ తర్వాతే స్నానాలు, మసీదు దగ్గర నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ, బట్టలుతకడం, చివరికి తోటలు. ఈ వరస ఎవరూ తప్పకూడదు. తోటలకి వాటా గంటల లెక్కన, ఫలానా కుటుంబానికి ఇంతసేపు అని. గడియారాలు రాకముందు పగలు నీడని బట్టి, రాత్రి నక్షత్రాలని బట్టి ఆ లెక్క చూసేవాళ్ళు. ఎవరి వంతు ఎప్పుడో చూసి మడవ తిప్పించే మనిషిని అరీఫ్ అంటారు. మన తెలంగాణ ఊళ్ళలో చెరువు కింద నీరటికాడు ఎలాగో అలాగన్నమాట, ఊరంతా ఆయన మాట వినాల్సిందే, పెద్ద రైతైనా సరే. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చెరువు కింద సాగు చేసినవాళ్ళుంటే ఆ కాలువ పక్కన ఒక్క నిమిషం నిలబడితే చాలు, గైడు అక్కర్లేదు, రాళ్ళతోనో గుడ్డపీలికలతోనో మూసిన తూము చూడగానే మీకే తెలిసిపోతుంది.

షేక్ జాయెద్ పేరు మీరు రోజూ వింటుంటారు, రోడ్ల మీద, మసీదు మీద. ఆయన దేశాధినేత కాకముందు ఇరవై ఏళ్ళు, 1946 నుంచి 1966 దాకా, ఈ అల్ ఐన్ ప్రాంతానికి పాలకుడి ప్రతినిధిగా పనిచేశాడు. అప్పటికి ఫలజ్‌లు పూడిపోయి ఉన్నాయి, నీళ్ళ వాటాలు డబ్బున్న కొద్దిమంది చేతుల్లో ఉన్నాయి. ఆయన పూడికలు తీయించాడు, తానూ దిగి పనిచేశాడని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు, వాటాల పద్ధతి మార్పించి పేద రైతులకీ నీళ్ళందేలా చేశాడు. చమురు ఎగుమతి మొదలైంది 1962లో. అంటే డబ్బు రాకముందే ఆయనకి పేరొచ్చింది, అదీ నీళ్ళ పంపకంలో. ఇక్కడి ముసలివాళ్ళు ఆయన పేరెత్తితే ఎందుకు కళ్ళు తుడుచుకుంటారో నాకు ఇది తెలిశాకే అర్థమైంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి, దాచకూడదు. భూగర్భజలం బాగా కిందికి పోయింది. ఇప్పుడు మీరు కాలువల్లో చూసే నీళ్ళలో చాలాభాగం బోర్లలోంచి పంపులతో తోడి వదులుతున్నవే. కాలువ పాతది, పంపిణీ పాతది, ఊట మాత్రం పోయింది. ఇది తెలుసుకుని చూడటం మంచిదని నా ఉద్దేశం, ఎందుకంటే కాపాడుకోవడానికి ఎంత ఖర్చు పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో అప్పుడే తెలుస్తుంది.

ఖర్జూరం సంగతికి వద్దాం. ఈ చెట్లలో మగవి వేరు, ఆడవి వేరు. గాలికి వదిలేస్తే కాపు సరిగ్గా రాదు కాబట్టి చలికాలం చివర్లో మనిషి చెట్టెక్కి మగ పూరెమ్మలు నాలుగు తెచ్చి ఆడ గెలలో దూర్చి కట్టి రావాలి, ప్రతి చెట్టుకీ, ప్రతి గెలకీ. ఎక్కడానికి నడుం చుట్టూ, చెట్టు చుట్టూ తిరిగే పట్టా ఒకటుంటుంది, హాబూల్ అంటారు. వీపుకి ఆనే భాగం వెడల్పుగా అల్లి ఉంటుంది, చెట్టుని చుట్టే భాగం గట్టి తాడు. మనిషి వెనక్కి వాలి ఒక్కసారి తాడుని పైకి విదిలిస్తాడు, కాలు మారుస్తాడు, మళ్ళీ విదిలిస్తాడు. చెట్టు మీద పాత మట్టలు కోసిన మొదళ్ళు మెట్లలా ఉంటాయి, అరికాలు వాటి మీదే. మన నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళలో గౌడ కుటుంబాల పిల్లలుంటే, నాన్న మోకు భుజాన వేసుకుని తాటివనానికి పోవడం చూసి పెరిగినవాళ్ళుంటే, ఆ తాడు ముడి దగ్గరికి వెళ్ళి చూడండి, అడగండి. తోటలో పనిచేసే ఆయనతో మీకు మాట కలుస్తుంది, నాకంటే బాగా కలుస్తుంది.

ఎందుకంటే ఆ తోటలో పనిచేసే ఆయన చాలాసార్లు ఎమిరాతీ కాడు. పాకిస్తాన్ నుంచో, బంగ్లాదేశ్ నుంచో, మన దేశం నుంచో వచ్చినవాడు. తోట ఎమిరాతీ కుటుంబానిది, తాతల నుంచి వచ్చింది, ఆ విద్య కూడా వాళ్ళది, కానీ ఇవాళ చెట్టెక్కే చేతులు చాలావరకు మనలాంటి వలసవాళ్ళవి. ఏ కరపత్రంలోనూ ఈ ముక్క నాకు కనిపించలేదు. వారసత్వం చూడటానికి వెళ్ళినప్పుడు ఆ మనిషికి కూడా ఒక సలాం చెప్పండి, ఆయన్ని తప్పించి చెట్టుని మాత్రమే ఫోటో తీయకండి, ఆయన్ని తీయాలనుంటే అడిగి తీయండి.

ఒక సంగతి మర్చిపోతానేమో, ఇప్పుడే చెబుతాను. అందరూ నవంబర్ నుంచి మార్చి మధ్యలో రమ్మంటారు, నేనూ పెద్దవాళ్ళకి అదే చెబుతాను. కానీ ఖర్జూరం పండేది జూన్, జులై, ఆగస్టు ఎండల్లో. పాతరోజుల్లో అబూ ధాబి తీరంలోని మగవాళ్ళు వేసవంతా ముత్యాల వేటకి సముద్రం మీదికి పోతే, ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు ఒంటెల మీద రోజుల తరబడి ప్రయాణం చేసి ఈ ఒయాసిస్‌లకి, దక్షిణాన ఎడారిలో ఉన్న లివా ఒయాసిస్‌లకి వచ్చేవాళ్ళు. మట్టల గుడిసెల్లో ఉండేవాళ్ళు, ఆ గుడిసెని అరీష్ అంటారు, గాలి మట్టల సందుల్లోంచి లోపలికొస్తుంది. పండు కోసుకుని, ఎండబెట్టుకుని, ఏడాదికి సరిపడా మూటగట్టుకుని తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆ ముత్యాలు బొంబాయి చేరేవి, ఈ గల్ఫ్ ముత్యాల్నే మన హైదరాబాదులో బస్రా ముత్యాలని నిజాం కాలం నుంచి ఆదరించారు. ఇక్కడ చెల్లిన డబ్బు కూడా 1966 దాకా మన రూపాయే, 1959 నుంచి గల్ఫ్ కోసం మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు వేసింది. కాబట్టి మనం నిన్న కాక మొన్న పనికోసం వచ్చిన అపరిచితులం అనుకోనక్కర్లేదు.

జులైలో వచ్చే ధైర్యం ఉన్నవాళ్ళు రుతబ్ తినండి. పచ్చిగా, కరకరలాడుతూ ఉన్నప్పుడు బిస్ర్, సగం మెత్తబడితే రుతబ్, ఎండితే తమర్. మనకి ఇండియాలో ఎక్కువగా దొరికేది తమరే. ఖలాస్ రకం రుతబ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి తింటే, ఇన్నాళ్ళూ మనం ఖర్జూరమే తినలేదేమో అనిపిస్తుంది.

ఖర్జూరంతో పాటు గహ్వా, అంటే అరబ్బు కాఫీ, ఇస్తారు. దీని మర్యాద కాస్త తెలుసుకుని వెళ్ళండి, అవతలివాళ్ళు చాలా సంతోషిస్తారు. పోసేవాళ్ళు దల్లా అనే ముక్కు కూజాని ఎడమచేత పట్టుకుంటారు, ఫింజాన్ అనే పిడిలేని చిన్న కప్పు కుడిచేత. కప్పు నింపరు, అడుగున కొంచెం పోస్తారు. అది చూసి పిసినారితనం అనుకోకండి, నిండా పోస్తే తాగి వెళ్ళమన్నట్టు లెక్క, కొంచెం పోస్తే ఇంకా కూర్చోమని. లేత రంగులో ఉంటుంది, యాలకులు, కుంకుమపువ్వు పడతాయి, పంచదార పడదు, తీపి ఖర్జూరంలోంచే రావాలి. కుడిచేత్తో తీసుకోండి. ఖాళీ కప్పు తిరిగిస్తే మళ్ళీ పోస్తారు, వద్దనుకుంటే కప్పుని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. మా పక్కింటి ఎమిరాతీ పెద్దావిడ మా అత్తగారికి ఇలా ఆడించి చూపించింది, ఆ రోజు నుంచి ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఫింజాన్ ఆడించుకుంటూ నవ్వుకుంటారు. మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో, పెద్దవాళ్ళు లోపలికొస్తే లేచి నిలబడండి, ఇది మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

అదే ఆవిడ నాకు ఖూస్ అనే ఆకుల అల్లిక కూడా చూపించింది. ఖర్జూరపు ఆకుని సన్నగా చీల్చి, కొంత రంగులో ముంచి, నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక జడలా అల్లుతారు. ముందు బారెడు పొడుగు పట్టీ తయారవుతుంది, తర్వాత దాన్ని చుట్లు చుట్టి అంచులు కలిపి కుడతారు. గుండ్రంగా కుడితే నేల మీద పరిచి అన్నం పళ్ళెం పెట్టుకునే సురూద్, లోతుగా కుడితే ఖర్జూరం నింపే జఫీర్ బుట్ట. అల్లేటప్పుడు ఆవిడ చేతివైపు చూడదు, మాట్లాడుతూనే ఉంటుంది. చలికాలంలో ఖత్తారా సూక్ అనే బజారులో చేతివృత్తుల ఉత్సవం పెట్టినప్పుడు ఇలాంటి ఆడవాళ్ళు వరసగా కూర్చుంటారు. దయచేసి అక్కడ బేరం ఆడకండి. ఒక బుట్ట వెనక ఎన్ని రోజులు కూర్చుని చేసిన పని ఉందో చూశాక బేరమాడాలని మీకే అనిపించదు.

కోటల గురించి త్వరగా చెప్పేస్తాను. అల్ జాహిలీ కోట 1890ల్లో షేక్ జాయెద్ తాతగారు, మొదటి జాయెద్, కట్టించింది, మట్టి ఇటుకలు, ఖర్జూరపు దూలాలు, అంచెలంచెలుగా లేచే గుండ్రటి బురుజు. లోపల, 1940ల్లో రబ్ అల్ ఖాలీ ఎడారిని బెదూయిన్ సంచారులతో కలిసి ఒంటెల మీద దాటిన ఒక ఆంగ్లేయుడు తీసిన ఫోటోలున్నాయి, ఇక్కడివాళ్ళు ఆయన్ని ముబారక్ బిన్ లండన్ అని పిలిచేవాళ్ళు. ఖస్ర్ అల్ మువైజీ, షేక్ జాయెద్ కాపురమున్న పాత భవనం కూడా చూడొచ్చు. ఒకరోజే ఉంటే జాహిలీ ఒక్కటి చాలు.

దానికంటే హిలీ ఆర్కియాలజికల్ పార్కుకి తప్పకుండా వెళ్ళండి. పిల్లలు ఆడుకునే పార్కులాగే ఉంటుంది, పచ్చిక, బెంచీలు, మధ్యలో నాలుగు వేల ఏళ్ళ నాటి గుండ్రటి రాతి సమాధి, పన్నెండు మీటర్ల అడ్డకొలత. చెక్కిన రాళ్ళు ఒకదానికొకటి ఎంత బాగా అమరాయో దగ్గరికెళ్ళి చూడండి. ద్వారం పైన రెండు ఓరిక్స్ జింకలు, వాటి మధ్య ఇద్దరు మనుషులు. రెండో ద్వారం దగ్గర జింకని తింటున్న రెండు చిరుతలు. ఆ కాలంలో ఈ ప్రాంతాన్ని మెసొపొటేమియావాళ్ళు మగన్ అనేవాళ్ళు, ఇక్కణ్ణుంచి రాగి పోయేది. ఇదే కాలపు చోట్ల సింధు లోయ కుండలు, పూసలు దొరికాయి. జెబెల్ హఫీత్ కొండ పాదం దగ్గర ఇంకా పాతవి, ఐదు వేల ఏళ్ళ నాటి రాళ్ళ గుట్టల్లాంటి సమాధులున్నాయి. 1959లో డెన్మార్క్ నుంచి వచ్చిన పురావస్తు బృందాన్ని ఇక్కడికి రమ్మని పిలిచింది కూడా షేక్ జాయెదే.

ఒంటెల సంత గురించి ఒక తమ్ముడు చీటీ పంపాడు. వెళ్ళొచ్చు, పొద్దున్నే వెళ్ళాలి. మాంసానికి, పాలకి, పందేలకి వేరువేరు ఒంటెలు, ధరల్లో ఎంతో తేడా. కొందరు "రా, చూపిస్తా" అని ముందుకొచ్చి తర్వాత డబ్బులడుగుతారు, ముందే మాట్లాడుకోండి, గొడవ ఉండదు. పందెపు ఒంటెల మీద ఇప్పుడు చిన్న రోబోలు కూర్చుంటాయి. ఒకప్పుడు దక్షిణాసియా దేశాల నుంచి తెచ్చిన చిన్నపిల్లల్ని ఎక్కించేవాళ్ళు, 2005లో దాన్ని నిషేధించారు. పందెం చూసి ఆనందించండి, ఆ సంగతి కూడా పిల్లలకి చెప్పండి.

ఒకమ్మ భోజనం గురించి అడుగుతున్నారు. హరీస్ తినండి అమ్మా. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి, కర్రతో మెదిపి, పైన నెయ్యి వేస్తారు. 2023లో యునెస్కో జాబితాలో చేరింది. హైదరాబాదువాళ్ళకి చెప్పనక్కర్లేదు, నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల బస్తీ బార్కస్‌లో ఇదే హరీస్ ఇవాళ్టికీ పొద్దున్నే అమ్ముతారు. మాంసం తినరా? అయితే లుఖైమాత్, వేడి వేడి చిన్న ఉండలు, ఖర్జూరపు పాకం పోసిస్తారు. పల్చటి రిగాగ్ రొట్టె చీజ్‌తో అడగండి. బలాలీత్ అని తీపి సేమ్యా ఉంది కానీ పైన గుడ్డట్టు వేస్తారు, వద్దంటే ముందే చెప్పండి.

బట్టలు? భుజాలు, మోకాళ్ళు కప్పేవి ఏవైనా సరే, మన చీర, చుడీదార్ నిక్షేపంగా పనికొస్తాయి. మసీదులకి వెళ్తే తల మీదికి చున్నీ. ఆడవాళ్ళని అడగకుండా ఫోటో తీయకండి, "ముమ్కిన్ సూరా?" అని అడగండి, వద్దంటే నవ్వి ఫోన్ లోపల పెట్టేయండి. తోటల్లో గోడ మీదుగా వేలాడే పండు కోయకండి, అది ఎవరిదో ఒకరిది. రంజాన్‌లో వస్తే పగలు దారిలో తింటూ తిరగకండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఒయాసిస్ గేటు దగ్గర బండి ఉందేమో అడగండి, అది ఎక్కి తిరగండి, కానీ ఏదో ఒక చోట దిగి కాలువ పక్కన కాసేపు కూర్చోండి.

వెనకాల తమ్ముళ్ళకి: కారు లేదని ఆగిపోకండి. అబూ ధాబి బస్టాండు నుంచి, దుబాయ్ అల్ గుబైబా నుంచి అల్ ఐన్‌కి బస్సులున్నాయి. పొద్దున తొందరగా బయల్దేరితే ముందు ఒయాసిస్, పక్కనే జాహిలీ, మధ్యాహ్నం ఎండలో ఎక్కడైనా భోజనం, చల్లబడ్డాక టాక్సీలో హిలీ, రాత్రికి మళ్ళీ రూముకి. నలుగురు కలిసి వస్తే టాక్సీ ఖర్చు కూడా పెద్దగా పడదు. ఇంకెవరికైనా ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం, నేను ఇక్కడే ఉంటాను.